విద్యుత్తు లేని లోకము: కల్పనయు వాస్తవమును

నాగరికతకు ఆధారభూతములైన వ్యవస్థలన్నియు ఒక్కమారుగా కుప్పకూలిన పిమ్మట మిగిలిన మనుష్యులు ఎట్లు బ్రతికి బట్టకట్టిరో చెప్పెడి నవలలకు పాశ్చాత్య దేశములందు, విశేషించి అమెరికాలో, విస్తారమైన పాఠకలోకము కలదు. ఫ్రెంచి రచయిత రెనె బార్జవెల్ 1943లోనే 'రవాజ్' అను నవలలో, విద్యుత్తు హఠాత్తుగా లోకమునుండి అదృశ్యమైనచో మహానగరములు ఏమగునో ఊహించెను. పాట్ ఫ్రాంక్ 1959లో ప్రకటించిన 'అలాస్, బాబిలోన్' అణుయుద్ధానంతరము ఫ్లారిడాలోని ఒక చిన్న ఊరి బ్రతుకును చిత్రించినది. అయితే కరెంటు పోవుటయే ప్రళయము, తక్కిన విపత్తులన్నియు దానికి పరివారము అను భావమును సామాన్య పాఠకుల మనస్సులలో గట్టిగా నాటినది మాత్రము విలియం ఆర్. ఫార్షెన్ అను చరిత్రాచార్యుడు 2009లో వెలువరించిన 'వన్ సెకండ్ ఆఫ్టర్'.

ఈ కథ నార్త్ కరోలినా కొండల నడుమనున్న బ్లాక్ మౌంటెన్ అను పట్టణమున నడచును. శత్రువులు ఆకాశమున మిక్కిలి ఎత్తున పేల్చిన అణ్వస్త్రముల వలన పుట్టిన విద్యుదయస్కాంత స్పందనము ఎలక్ట్రానిక్ పరికరములన్నిటిని ఒక్క క్షణములో నిరుపయోగము చేయగా, పెద్ద రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ నిలిచిపోవును. కథానాయకుని అత్తగారి పాత ఎడ్సెల్ కారు మాత్రము, అందులో అట్టి సామగ్రి యేదియు లేదు గనుక, నిక్షేపముగా నడచును. అటుమీద ఆకలి, రోగములు, దోపిడి మూకలు, తుపాకుల పోరాటము. పాఠకులు ఎక్కువగా చెప్పుకొనునది ఆ పోరాటమునే. నన్ను కలచినది వేరొకటి. కథానాయకుని చిన్న కుమార్తెకు బాల్యముననే వచ్చెడి మధుమేహము. ఇన్సులిన్ లేక ఆమెకు జీవితము లేదు. తండ్రి ఊరి మందుల దుకాణమునుండి తెచ్చుకొన్న సీసాలు ఒక్కొక్కటిగా తరిగిపోవుచుండ, మిగిలిన మందు కూడ వేడిమికి శక్తి కోల్పోవుచుండ, ఆ బాలిక కన్నుల యెదుటనే క్షీణించి మరణించును. శత్రువెవ్వడు, బాంబు ఎక్కడినుండి వచ్చెను అను ప్రశ్నలలో కల్పన యెంతయున్నను, ఈ మరణములో కల్పన లేదని నా దృఢ విశ్వాసము.

ఇట్టి ఉపద్రవము సంభవమా అని అడుగువారికి శాస్త్రము కొంత సమాధానము చెప్పగలదు. 1962 జులైలో అమెరికా పసిఫిక్ మహాసముద్రములోని జాన్‌స్టన్ ద్వీపముపై సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల అణ్వస్త్రమును పరీక్షార్థము పేల్చగా, అచ్చటికి 1,400 కిలోమీటర్లకు మించిన దూరముననున్న హవాయి దీవులలో వందలాది వీధిదీపములు ఆరిపోయినవి. అంతకంటె సహజమైన శత్రువు ఒకడు కలడు, వాడు సూర్యుడే. 1989 మార్చి 13వ తేదీ తెల్లవారుజామున, సూర్యగోళమునుండి వెలువడిన ద్రవ్యప్రవాహము భూమి అయస్కాంత క్షేత్రమును కల్లోలపరుపగా, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున విద్యుద్వ్యవస్థ రెండు నిమిషములైన గడువకమున్నే కూలిపోయినది. అరువది లక్షలమంది సుమారు తొమ్మిది గంటలు చీకటిలోను చలిలోను గడపిరి. క్యూబెక్ నేల అడుగున ఉన్నది అతి ప్రాచీనమైన కఠినశిల. దానిగుండ విద్యుత్తు సులభముగా ప్రవహింపదు. కావున భూమిలో పుట్టిన ప్రవాహము దారి వెదకుకొనుచు పొడవైన తీగెలలోనికి, అచ్చటినుండి ట్రాన్స్‌ఫార్మర్లలోనికి చొచ్చుకొని వచ్చినది. 1859లో కారింగ్టన్ అను ఖగోళజ్ఞుడు చూచిన సూర్యవిస్ఫోటనము దీనికంటె ప్రబలమైనది. ఆనాటి లోకమునకు టెలిగ్రాఫు తీగెలు తప్ప మరేమియు లేకపోవుటచే నిప్పురవ్వలతో సరిపోయినది.

విద్యుత్కేంద్రములను ఇండ్లతో కలిపెడి తీగెల అల్లిక, అనగా గ్రిడ్డు, ఇంత సుకుమారమైనదా యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. అది కావడి వంటిది. ఒక కుండ ఉత్పత్తి, రెండవ కుండ వినియోగము, మోయువాడు అనుక్షణము సరిచూచుకొనుచు నడువవలసినదే. మన దేశమున ఈ సమతకు కొలమానము 50 హెర్ట్జుల పౌనఃపున్యము, అది 49.90కి దిగువకు గాని 50.05కి ఎగువకు గాని పోకుండ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చున్న ఇంజనీర్లు రాత్రింబవళ్లు కనిపెట్టుకొని యుందురు. వినియోగము మితిమీరినచో జనరేటర్ల వేగము మందగించును; ఒక హద్దు దాటిన పిమ్మట యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకై గ్రిడ్డునుండి విడివడును; వాని భారము మిగిలిన యంత్రములపై పడును; అవియు విడివడును. మనుష్యుడు ఫోను చేతికి తీసికొను లోపలనే అంతయు ముగిసిపోవును.

దీనికి నిదర్శనము మన దేశమే చూచినది. 2012 జులై 30వ తేదీ అర్ధరాత్రి దాటిన రెండున్నర గంటల ప్రాంతమున ఉత్తర గ్రిడ్డు కూలినది. దానిని నిలబెట్టిన మరునాడే, 31వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు మూడును కూలినవి. అరువది కోట్లకు పైబడిన జనులు నివసించు ప్రాంతము అది. ఢిల్లీ మెట్రో నిలిచిపోయినది, రైళ్లు దారిలో ఆగిపోయినవి, తూర్పు భారతపు బొగ్గుగనులలో లిఫ్టులు కదలక వందలాది కార్మికులు భూగర్భమున చిక్కుకొనిరి. విచారణ సంఘము తేల్చినదేమనగా, మరమ్మతులకై పెక్కు లైన్లు నిలిపివేయబడి యుండుట, రాష్ట్రములు తమకు కేటాయించిన దానికంటె ఎక్కువ తోడుకొనుట, ఈ రెంటి నడుమ భారము మోయలేక బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను విడివడుట. ఇందు శత్రువు లేడు, బాంబు లేదు, సూర్యుని కోపము లేదు.

ఆ రెండు దినములును తెలుగునాట దీపములు వెలుగుచునే యుండెను. అప్పటికి దక్షిణ గ్రిడ్డు తక్కిన దేశముతో డీసీ (ఏకముఖ విద్యుత్తు) లైన్ల ద్వారా మాత్రమే కలిసియుండుటచే, ఉత్తరాదిన పుట్టిన కంపము ఇటువైపు దాటలేకపోయినది. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూరు 765 కిలోవోల్టుల లైను ప్రారంభమై, కన్యాకుమారి మొదలు కాశ్మీరము వరకు ఒకే పౌనఃపున్యము గల ఒకే గ్రిడ్డు ఏర్పడినది. దక్షిణాది కొరతలు తీరుటకు ఇది మహోపకారము చేసినది. ఆపదకాలమున ఒకరి కష్టము మరియొకరికి ప్రాకెడి మార్గము కూడ ఇదియే. ఈ రెండవ మాటను మన పత్రికలు చెప్పవలసినంతగా చెప్పలేదు.

కూలిన గ్రిడ్డును తిరిగి లేపుట ఎట్టిదో నవలాకారులు దాదాపుగా ఎన్నడును వర్ణింపరు. నాకు మిక్కిలి రసవంతముగా తోచునది ఆ ఘట్టమే. థర్మల్ కేంద్రము కరెంటు పుట్టించుటకు ముందు తానే కరెంటు తినవలెను: బొగ్గు పొడిచేయు మిల్లులు, బాయిలరులోనికి నీరు పంపు పంపులు, గాలి విసరు మహాయంత్రములు, ఇవన్నియు తిరుగనిదే ఆవిరి లేదు. కావున మొదట మేల్కొనవలసినది జలవిద్యుత్కేంద్రము. అచ్చట ఒక డీజిల్ జనరేటరు చాలును, గేటు తెరచి టర్బైనును త్రిప్పవచ్చును. శ్రీశైలము, నాగార్జునసాగరముల వంటి కేంద్రముల యథార్థమైన విలువ యూనిట్ల లెక్కలో కనబడదు; అట్టి చీకటిలో మొదటి వెలుగును థర్మల్ కేంద్రముల గుమ్మము వరకు చేర్చుటలో కనబడును. కొంచెము లోడు, కొంచెము ఉత్పత్తి, మరల కొంచెము లోడు. తొందరపడి ఒక ఊరిని ముందుగా కలిపినచో చేసినదంతయు మరల కూలును. ఇక కాలిపోయిన మహాట్రాన్స్‌ఫార్మర్ల సంగతి వేరు. అవి వందల టన్నుల బరువుండును, కొలత చెప్పి చేయించుకొనవలసినవే గాని అంగడిలో దొరకవు, ఒక్కటి చేతికి వచ్చుటకు సంవత్సరమునకు పైబడును. ఫార్షెన్ కల్పనలోని దీర్ఘాంధకారమునకు లోకమున ఆధారమేదైన నున్నచో, అది ఇచ్చట నున్నది.

చీకటి కమ్మిన వెంటనే మనుష్యులు మృగములగుదురా? ఈ విషయమున న్యూయార్కు నగరము రెండు సాక్ష్యములను ఇచ్చినది. 1965 నవంబరు 9వ తేదీ సాయంకాలము ఈశాన్య అమెరికాలో మూడు కోట్లమందికి కరెంటు పోయినప్పుడు, లక్షలాది జనులు భూగర్భ రైళ్లలో చిక్కుకొనియు శాంతముగా ఒకరికొకరు సాయపడిరి. 1977 జులై 13వ తేదీ రాత్రి అదే నగరమున పిడుగుపాటుతో మొదలైన చీకటిలో వెయ్యికి మించిన దుకాణములు లూటీ అయినవి, మూడువేలమందికి పైగా అరెస్టు అయిరి. నడుమ గడచినవి పండ్రెండు సంవత్సరములే. ఆ కాలమున నగరము దివాలా అంచుకు చేరినది, పోలీసులు సహా వేలాది ఉద్యోగులు తొలగింపబడిరి, పేదవాడలలో పనిలేని యువకులు నిండిరి. చీకటి మనుష్యుని స్వభావమును మార్చెనని నేననుకొనను. వెలుగున్నప్పుడు ఆ నగరము తన బీదలను ఎట్లు చూచినదో ఆ రాత్రి బయటపడినదని అనుకొందును. నవలలలో ఈ పూర్వకథ ఉండదు. మూకలు అకారణముగా పుట్టుకొని వచ్చును.

దీర్ఘకాలపు చీకటిని నిజముగా అనుభవించినవారు ప్యూర్టోరికో ద్వీపవాసులు. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ఆ ద్వీపపు గ్రిడ్డును సమూలముగా పడగొట్టినది. కడపటి ఇండ్లకు కరెంటు చేరుటకు సుమారు పదకొండు నెలలు పట్టినది. ప్రభుత్వము మొదట ప్రకటించిన మృతులసంఖ్య 64. తరువాత జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నెలలలో సాధారణముకంటె అధికముగా సంభవించిన మరణములను లెక్కించి, 2,975 అని అంచనా కట్టిరి. ఈ వ్యత్యాసములో ఎవరున్నారో ఆలోచింపుడు. ఇన్సులినును మంచుగడ్డలలో దాచుకొనుటకై ప్రతిదినము మంచు వెదకుకొన్నవారు, ఆక్సిజన్ యంత్రము ఆగినవారు, డయాలిసిస్ గంటలు తగ్గినవారు, వృద్ధులు, నిరుపేదలు. తుపాకి పట్టినవాడెవ్వడును వీరిని చంపలేదు.

బ్రతికినవారిని కాపాడినది కూడ తుపాకి కాదు. సాన్ సెబాస్టియన్ అను పట్టణమున, సాయము కొరకు ఎదురుచూచి విసిగిన పురపాలకాధ్యక్షుడు, పదవీవిరమణ చేసిన పాత విద్యుదుద్యోగులను, పని తెలిసిన పౌరులను పోగుచేయగా, వారు స్వయముగా స్తంభములు నిలిపి తీగెలు లాగి ఇండ్లకు దీపములు తెచ్చిరి. అద్‌హుంటాస్ అను కొండపట్టణమున 'కాసా పువెబ్లో' అను సంస్థ భవనముపై అప్పటికే ఉన్న సౌరఫలకములు ఊరివారి వైద్యయంత్రములకు కరెంటు నిచ్చినవి. ఉక్రెయినులో 2015 డిసెంబరు 23న హ్యాకర్లు దూరమునుండి సబ్‌స్టేషన్ల బ్రేకర్లను విప్పి, సుమారు 2,25,000 వినియోగదారులను చీకటిలో ముంచినప్పుడును, సిబ్బంది వాహనములెక్కి సబ్‌స్టేషన్లకు పోయి, కంప్యూటరును ప్రక్కకు నెట్టి చేతితో బ్రేకర్లు మూసి, కొన్ని గంటలలో కరెంటును తిరిగి తెచ్చిరి. చేతితో చేయుట తెలిసినవారు ఇంకను ఉద్యోగములో ఉండుట వారి భాగ్యము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు మనవారును ఈ అనుభవము కొంత చవిచూచిరి. స్తంభములు వేలకు వేలు నేలవ్రాలినవి, నగరము దినముల తరబడి చీకటిలో నుండెను, బోరు మోటార్లు తిరుగక జనులు నీటికి బారులు తీరిరి. లైన్‌మన్లు పగలు రాత్రి అనక, ఎల్సీ (లైనులో కరెంటు నిలిపి పని చేయుటకు అనుమతి) తీసికొని, తడిసిన స్తంభములెక్కి, ఒక్కొక్క ఫీడరునే (సబ్‌స్టేషనునుండి వీధులకు పోవు లైనునే) ఛార్జి చేయుచు పోయిరి. ఏ ఫీడరు ముందు, ఏది వెనుక అను నిర్ణయమునందు ప్రాణములు ఇమిడియున్నవని నా అభిప్రాయము. ఇంటివద్ద ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడినవారు ఏ వీధిలో నున్నారో, డయాలిసిస్ కేంద్రములలో జనరేటరుకు ఎన్ని గంటల డీజిలున్నదో, ఏ నీళ్ల ట్యాంకు ఏ ఫీడరు మీద నడచుచున్నదో తెలుపు పట్టిక ప్రతి సబ్‌స్టేషనులోను, కంప్యూటరులో మాత్రమే గాక కాగితము మీద కూడ, గోడకు తగిలించి యుండవలెనని, దానిని ఏటేట తుపానుల కాలమునకు ముందు సరిచూడవలెనని విద్యుత్ సంస్థలను, ఆరోగ్యశాఖవారిని నేను గట్టిగా కోరుచున్నాను.