మందునకు మందు పథ్యము

మన పెద్దలకు మందనగానే పథ్యము జ్ఞప్తికి వచ్చెడిది. వైద్యుడు కషాయ మిచ్చినచో, దానితో ఏమి తినరాదో కూడ చెప్పి పంపెడివాడు. ఇల్లాలు చింతపండును, వంకాయను కొన్నాళ్లు దూరముగా నుంచెడిది. మాత్రలు వచ్చిన పిమ్మట ఆ మాటనే మరచితిమి. కాని కొన్ని మందులకు మరికొన్ని మందులే అపథ్యములు. జ్వరమునకు, నొప్పులకు చీటీ లేకుండ కొను మాత్రలను ఆంటిబయాటిక్ మందులతో కలిపి యిచ్చునపుడు ఎరుగవలసిన విషయములను తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఈ రెండింటి పని వేరని గ్రహింపవలెను. పారాసెటమాల్ వంటి మాత్ర జ్వరమును దించును, నొప్పిని అణచును, రోగకారణమును తొలగింపదు. ఆంటిబయాటిక్ మందు బాక్టీరియా యను సూక్ష్మజీవులను నశింపజేయును. వైరసు వలన కలుగు జలుబు, డెంగ్యూ మున్నగు వానిపై పనిచేయదు. కావున జ్వరము దిగినది గదాయని ఆంటిబయాటిక్‌ను నడుమ మానుటయు, జ్వరము దిగలేదని మనంతట మనమే దానిని మొదలిడుటయు రెండును తప్పే.

ఏవి పొసగును? అమాక్సిసిలిన్ వంటి సామాన్యమైన ఆంటిబయాటిక్‌తో పారాసెటమాల్ ఇచ్చుట వలన సాధారణముగా బాధ లేదు. వైద్యులే రెండింటిని ఒకే చీటీలో వ్రాయుచుందురు. అయితే మోతాదు మీరరాదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు దినమునకు 4 గ్రాములు మించరాదు. పిల్లలకు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకుండ ఒక మోతాదు ఈయవలెను. మోతాదునకు మోతాదునకు నడుమ నాలుగు నుండి ఆరు గంటల వ్యవధి యుండవలెను. దినమునకు నాలుగు మోతాదులు దాటరాదు. 20 కిలోల బాలునికి ఒక మారు 300 మిల్లీగ్రాములే హద్దు. పెద్దలు మ్రింగు 650 మాత్ర ఆ హద్దునకు రెండింతలకు పైబడినది.

ఒకే మందు పలు పేర్లతో నుండుట మరియొక చిక్కు. క్రోసిన్, డోలో, కాల్‌పాల్ అన్నియు పారాసెటమాలే. కాంబిఫ్లామ్ మాత్రలో ఐబుప్రొఫెన్ 400తో పాటు పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలదు. దానితో డోలో 650 మ్రింగినవారు, తెలియకయే ఒక్క పూటకు 975 మిల్లీగ్రాముల పారాసెటమాల్ తీసికొన్నట్లు. జలుబు మాత్రలలోను ఇది తరచుగా నుండును. మితిమీరిన పారాసెటమాల్ కాలేయమును చెరచును.

ఏవి పొసగవు? సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ జాతి మందులతో ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి చేరినచో, అరుదుగానైనను మూర్ఛ కలుగవచ్చును; ఇదివరకే మూర్ఛ యున్నవారికి భయ మెక్కువ. జెంటామైసిన్ సూదిమందుతో ఆ నొప్పి మాత్రలు చేరినచో మూత్రపిండములకు చేటు. వాంతులు, విరేచనములచే నీరు తగ్గిన శరీరమునకు మరింత చేటు. క్షయకు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వాడువారు వైద్యుని అడుగకుండ పారాసెటమాల్‌ను కూడ దినదినము వాడరాదు.

పిల్లల విషయమున మరికొన్ని నిషేధములు కలవు. పదునారేండ్ల లోపు వారికి వైద్యుడు చెప్పిననే తప్ప ఆస్పిరిన్ ఈయరాదు. మెదడును, కాలేయమును దెబ్బతీయు ప్రమాదమున్నది. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను మన ప్రభుత్వము 2011లోనే నిషేధించినది. ఈశాన్య ఋతుపవనపు వానలలో వచ్చు జ్వరము డెంగ్యూ యేమోయని అనుమానమున్నచో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రెండును కూడవు. అవి రక్తస్రావమును హెచ్చించును.

భీమవరమున జన్మించి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు (1895-1948) అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వము వహించుచుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతికి అదియే తొలి మందు. మన తెలుగువాని పేరుతో ముడివడిన ఈ జాతికిని పథ్య మున్నది: పాలలోని కాల్షియము, కడుపుమంటకు వాడు ఆంటాసిడ్ మందు, ఇనుము మాత్ర ఇవి దానిని పట్టి రక్తములో చేరనీయవు. సిప్రోఫ్లాక్సాసిన్‌కును ఇదే నియమము. నొప్పి మాత్రతో కడుపు మండినదని ఆంటాసిడ్ త్రాగువారు, రెండింటి నడుమ ఎన్ని గంటల ఎడముండవలెనో అడిగి తెలిసికొనవలెను.

ఇన్ని పేర్లు జ్ఞాపకముంచుకొనుట కష్టమే. కాని మందు పేరే తెలియనిచో అడుగుటకైనను వీలు లేదు. అంగడిలో అట్టలు కత్తిరించి, నాలుగు రంగుల మాత్రలను కాగితపు పొట్లములో కట్టి యిచ్చినపుడు పేరు, బలము, గడువు తేదీ, చీటీ కావలెనని తెలుపు ఎఱ్ఱ గీత అన్నియు పోవును. కొన్ని ముఖ్యమైన ఆంటిబయాటిక్‌ల అమ్మకమును, చీటీ వివరములతో పుస్తకమున వ్రాసి యుంచవలెనను నియమము 2014 మార్చి నుండి అమలులో నున్నది. అది మన బిడ్డల రక్షణకే.

కావున తల్లిదండ్రులకు నా మనవి:

(1) పేరు లేని మాత్రలను కొనకుడు; పేరున్న అట్టనే అడుగుడు.

(2) ఇంటిలో ఎవరెవరు ఏ మందు వాడుచున్నారో ఒక చీటీపై వ్రాసి, వైద్యునికి చూపుడు.

(3) పెద్దల మాత్రను విరిచి పిల్లలకీయకుడు. నిరుటి మిగులు మందులను వాడకుడు.

(4) మందు తీసికొన్న పిదప దద్దురులు, ముఖపు వాపు, ఆయాసము, మూర్ఛ కనిపించినచో ఆలసింపక 108కి పిలువుడు.

అట్టపై ఇంగ్లీషు అక్షరములు మీకు రానిచో మీ బిడ్డచే చదివించుడు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును నేర్చిన బిడ్డ మందు పేరును మూడు భాషలలోను మీకు వ్రాసి యీయగలడు. ఆ పేరు తెలిసిననాడు, ఏ ఆసుపత్రికి వెళ్లినను, "దీనితో ఇది ఈయవచ్చునా?" యని ధైర్యముగా అడుగవచ్చును. ఆ ఒక్క ప్రశ్నయే నేటి పథ్యము.