మోనాలిసా పెదవి మూల నీడ

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో మరో మోనాలిసా ఉంది. ఎవరో తర్వాతెప్పుడో వేసిన నకలని చాలాకాలం అనుకున్నారు. ఆమె వెనుక నేపథ్యంపై పూసిన నల్లరంగును తొలగిస్తే కొండలూ దారులూ బయటపడ్డాయి. పరారుణ కిరణాలతో అడుగు గీతలు చూస్తే అసలు సంగతి తెలిసింది. లియొనార్డో అసలు బొమ్మ వేస్తూ వేస్తూ చేసుకున్న మార్పుల్లో చాలావాటిని ఈ నకలు వేసినవాడూ చేశాడు. పూర్తయిన బొమ్మలో అవి కనిపించవు. గురువు పక్కనే కూర్చుని శిష్యుడు వేసిన బొమ్మ ఇదని 2012లో మ్యూజియం ప్రకటించింది.

తైలవర్ణాల్లో ముఖం వేయడం నేర్చుకునేవారు పాత బొమ్మకు నకలు తీయాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ముఖ్యం పోలిక కాదు, పొరల వరుస.

ఆ వరుసను నిర్ణయించేది నూనె. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర నిదానంగా ఆరుతూ చాలాకాలం కదులుతుంటుంది. దాన్ని అడుగున వేస్తే, పైన ముందుగా ఆరిన పొర పగుళ్లిస్తుంది. అందుకే కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ.

ఇక అసలు మోనాలిసా పెదవి మూల నీడ చూడండి. ఎక్కడ మొదలైందో గీత దొరకదు. 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎక్స్-కిరణాలతో పరీక్షించి కారణం చెప్పారు. సీసపు తెలుపు కలిసిన చర్మపు రంగు మీద, ముదురు రంగు అతికొద్దిగా కలిపిన నూనె పూతలు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. ఒక్కో పూత ఒకటి రెండు మైక్రాన్లే. అన్నీ కలిపినా తలవెంట్రుక మందం కంటే తక్కువే. వెలుతురు ఆ పూతల్లోంచి దిగి, కింది తెలుపును తాకి, మళ్లీ వాటి గుండానే వెనక్కి వస్తుంది. పూత మందమైన చోట ఎక్కువ వెలుతురు ఇంకిపోయి నీడ చిక్కబడుతుంది. రంగుల పలకమీద నలుపు కలిపి పూస్తే ఈ లోతు రాదు, చర్మం మసిబారినట్టుంటుంది.

మొదటిసారి నకలు వేసేవారు ముఖమంతా ఎత్తుకోకుండా, బుగ్గ నుంచి పెదవి మూల దాకా ఉన్న భాగమొక్కటే తీసుకోవడం మంచిది. కింది పొర పూర్తిగా ఆరేదాకా ఆగాలి. సీసం విషం కాబట్టి టైటానియం తెలుపు వాడాలి. అది మరింత కప్పేసే రంగు, నీడల్లో దాన్ని కలపకూడదు.

ప్రాడో బొమ్మను అసలు బొమ్మ పక్కన పెట్టి చూస్తే అంచులు తేటగా, కనుబొమ్మలు స్పష్టంగా ఉంటాయి. గురువు చేసిన చాలా దిద్దుబాట్లను పట్టుకున్న ఆ చేతికి కూడా ఈ నీడ పూర్తిగా అందలేదు.