ప్లాట్‌ఫాం మీద ఛోటా భీమ్

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కార్టూన్ వీరులు పిల్లల చేతిలోకి వచ్చారు. తెలుగు మాత్రం ఇంకా రిమోట్‌లోని ఒక మీట చాటునే ఉండిపోయింది.

ప్లాట్‌ఫాం అంటే ఏమిటో ఖరగ్‌పూర్‌ వాసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1,072.5 మీటర్ల పొడవుతో ప్రపంచంలోకెల్లా పొడవైన రైల్వే ప్లాట్‌ఫాంగా ఏళ్ల తరబడి పేరు మోసింది ఈ ఊరిదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ ఘనతను ఎగరేసుకుపోయాయి. అయితే గోల్‌బజార్‌ చుట్టుపక్కల పెరిగిన తెలుగు పిల్లలకు ఆ మాటకు రెండో అర్థం కూడా తెలుసు. తెర మీద ఒక అరుగు నుంచి మరో అరుగుకు గెంతుతూ, గోతిలో పడకుండా, ఎదురొచ్చినవాడి నెత్తిన దూకుతూ ముందుకు సాగే ఆట. వీడియో గేమ్‌ల పరిభాషలో దాన్ని ప్లాట్‌ఫాం గేమ్ అంటారు.

ఈ తెలుగువారు ఇక్కడికి ఎలా వచ్చారన్నది రైలంత పాత కథ. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు నెలకొల్పడంతో ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు కుటుంబాలతో తరలివచ్చారు. రైల్వే స్థలంలో వెలసిన గోల్‌బజార్ వారందరికీ సంత, కూడలి, కాలక్షేపం. మూడు నాలుగు తరాలు గడిచాయి. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో హిందీ, ఊరంతా బెంగాలీ, చదువుకేమో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలకు ఏ భాషా అక్కర్లేని ఆట దొరికితే ఎలా ఉంటుంది?

దానికి సరైన ఉదాహరణ డక్‌టేల్స్. 1987లో అమెరికాలో మొదలైన ఈ డిస్నీ కార్టూన్‌ 1990ల్లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చింది. ఆదివారం వస్తే మా తరం పిల్లలందరిదీ ఒకటే చూపు, అటు అనకాపల్లి అయినా ఇటు ఖరగ్‌పూర్ అయినా. అంకుల్ స్క్రూజ్ అనే పిసినారి బాతు, డబ్బు నింపిన గిడ్డంగి, మేనల్లుళ్లు. తెలుగు పిల్లలు హిందీ నేర్చింది బడిలో కంటే ఈ బాతుల దగ్గరే ఎక్కువంటే కొంచెం అతిశయోక్తే కానీ, పూర్తిగా అబద్ధం కాదు.

జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 1989లో ఈ కార్టూన్‌ను టీవీకి తగిలించుకునే గేమ్‌గా, 1990లో చేతిలో పట్టే గేమ్‌బాయ్‌కు తగినట్టుగా తెచ్చింది. ముసలి స్క్రూజ్ చేతికర్ర మీద బొంగరంలా ఎగిరెగిరి దూకడమే ఇందులో కిటుకు. అమెజాన్ అడవి, ట్రాన్సిల్వేనియా కోట, ఆఫ్రికా గనులు, హిమాలయాలు, చివరికి చంద్రుడు. ఈ ఐదింటిలో ఎక్కడి నుంచి మొదలెట్టాలన్నది ఆడేవాడి ఇష్టం. ఆ రోజుల్లో గేమ్‌లలో అలాంటి స్వేచ్ఛ అరుదు. చంద్రమండలంలో వినిపించే సంగీతాన్ని గేమ్‌ ప్రియులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఒక్క గేమ్‌బాయ్ రూపమే ప్రపంచవ్యాప్తంగా రమారమి 14 లక్షలు అమ్ముడైంది.

గేమ్‌బాయ్ యంత్రం మాత్రం పేదదే. నింటెండోలో గున్‌పే యోకోయి బృందం 1989లో తెచ్చిన ఆ డబ్బాకు రంగుల్లేవు. అడ్డం 160, నిలువు 144 చుక్కల తెర, పచ్చిక మీద నీడల్లాంటి నాలుగు ఛాయలు, నాలుగు పెన్సిల్ సెల్స్. రంగుల తెరలున్న పోటీ యంత్రాలు కొన్ని గంటల్లోనే సెల్స్ తాగేస్తే ఇది రోజంతా పనిచేసేది. యోకోయి సిద్ధాంతమే అది: చవగ్గా దొరికే పాత సాంకేతికతను కొత్తగా వాడటం. తెర చిన్నది కావడంతో స్క్రూజ్‌ ఎదర ఏముందో చాలాసార్లు కనిపించదు. గుడ్డిగా దూకాల్సిందే. ఒకసారి చచ్చి నేర్చుకున్నది రెండోసారి పనికొస్తుంది.

అసలు గేమ్‌బాయ్‌ మన మధ్యతరగతి ఇళ్లకు చేరింది తక్కువ. 1990ల్లో విదేశీ ఎలక్ట్రానిక్ సరుకంటే ఈ ప్రాంతానికి గుర్తొచ్చేది కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లోని ఫ్యాన్సీ మార్కెట్. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు లోకల్ రైలుంది. 115 కిలోమీటర్లు పైబడిన దూరం. అయినా రైల్వే ఉద్యోగి జీతానికి గేమ్‌బాయ్ అందేది కాదు. దేశమంతటా చిన్న ఊళ్ల పిల్లల చేతుల్లో ఆడింది చైనా బ్రిక్ గేమ్. ‘9999 ఆటలు’ అని డబ్బా మీద అచ్చేసేవారు. తిప్పి తిప్పి చూస్తే పది కూడా ఉండేవి కావు. అందులో బాతూ లేదు, భీముడూ లేడు. పైనుంచి పడే ఇటుకలే. కార్టూన్‌ టీవీలో ఉండేది, ఆట చేతిలో ఉండేది. రెండూ కలిసేవి కావు.

అవి కలవడానికి దారి వేసిన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. 2009లో సోనీ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ను తయారుచేసింది ఇక్కడి అరోనా టెక్నాలజీస్. దేవుణ్ని మీటలు నొక్కి ఆడించడమేమిటని అమెరికాలోని ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పడంతో ఆ గేమ్‌ ఆట కంటే వివాదంతోనే ఎక్కువ మందికి తెలిసింది. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’లో కబడ్డీని, బిళ్లంగోడును గేమ్‌ తెర మీదికి ఎక్కించింది.

పిల్లలను గెలిచింది మాత్రం వేరే వీరుడు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నుంచి 2008లో ఛోటా భీమ్ పోగో చానల్‌లోకి వచ్చాడు. (పోగో అంటే ఎగిరే కర్ర. స్క్రూజ్ దూకింది దాదాపు అలాగే. ఇది ఉత్త కాకతాళీయం.) ధోలక్‌పూర్, లడ్డూలు, చుట్కీ, జగ్గు కోతి, కాలియా. కొద్ది ఏళ్లలోనే బడి సంచీల మీద, టిఫిన్ డబ్బాల మీద, రాఖీల మీద ఎక్కడ చూసినా అతడే. ఆ తర్వాత నజారా వంటి సంస్థలు అతణ్ని ఫోన్ గేమ్‌లలోకి దించాయి. 2016లో డేటా చవకయ్యాక వేరే యంత్రం కొనే పనే లేకపోయింది. అమ్మ ఫోనే గేమ్‌బాయ్. క్యాట్రిడ్జ్ ఒకసారి కొంటే సొంతం. ఉచితమని చెప్పుకునే ఫోన్ గేమ్‌లు చాలావరకు ప్రకటనల మీద, మధ్యలో అమ్మే సామగ్రి మీద బతుకుతాయి. స్క్రూజ్‌కు ప్రాణాలు అయిపోతే ఆట మళ్లీ మొదలు. ఇప్పుడు చాలా ఆటల్లో ప్రాణాలకూ ధర ఉంది.

హైదరాబాద్‌లో పుట్టిన వీరుడు గోల్‌బజార్ తెలుగు పిల్లాడి చేతిలో ఉన్నాడంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పిల్లాడికి అతడు ఏ ఊరివాడు? పేరు హిందీ, ఊరు ఊహాలోకం. గేమ్‌లో గెంతడానికి భాష అవసరం లేదు. తెర మీద నాలుగు ముక్కలున్నా వాటిని చదివేలోపే వేలు దాటిపోతుంది. ఒకప్పుడు డక్‌టేల్స్ హిందీ నేర్పింది. ఆట ఏదీ నేర్పదు. పెద్ద భాషల వారికి ఇందులో పోయేదేమీ లేదు, వీధి నిండా వాళ్ల మాటే. అమ్మానాన్నల నోట తప్ప వినిపించని భాషకు పిల్లలు ఆడుకునే గంట కూడా పెద్ద లెక్కే.

రాజ్యాంగం ఈ ఇబ్బందిని ఎప్పుడో ఊహించింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు సరిహద్దులకు అవతల మిగిలిపోయేవారి కోసం 1956లో ఏడో సవరణతో 350ఏ అధికరణం చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలన్నది దాని సారం. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిచ్చింది 2020 డిసెంబర్‌లో. ఆ మరుసటి ఏడాదే శాసనసభ ఎన్నికలు. ఈ రెండింటికీ ముడిపెట్టడం రాజనీతి శాస్త్రం చదివినవారికి పట్టుకున్న జబ్బు అనుకోవచ్చు. ఏమైనా గుర్తింపు గుర్తింపే. అయితే అధికరణమైనా, తీర్మానమైనా బడి గేటు దాకా, ఆఫీసు బోర్డు దాకా వెళతాయి. పిల్లాడు ఫోన్ పట్టుకుని మంచం మీద వాలిన గంటను ఏ చట్టమూ పట్టించుకోదు.

అక్కడ పనిచేసేది చాలా చిన్న వస్తువు. పోగో తెలుగు ధ్వనితోనూ ప్రసారమవుతుంది. చానల్‌ను అలా అందించే డిష్ కనెక్షన్ ఉంటే రిమోట్‌లో భాష మార్చే మీట నొక్కితే చాలు, ఛోటా భీమ్ తెలుగులో మాట్లాడతాడు. ఎవరూ నొక్కకపోతే పక్కింటి పిల్లల్లాగే హిందీలో వింటారు. సాయంత్రం ఆ మీట నొక్కేది తల్లో, తాతో. చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

ఈలోగా భీమ్ ఇంకో దారి పట్టాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’లో అతడు ఇంకా మాటలు రాని పసివాడు. సంభాషణలు లేవు. కేరింతలు, కేకలు, చప్పుళ్లే. గ్రీన్ గోల్డ్ చేసినవాటిలో విదేశాల్లో కోట్ల ఇళ్లకు చేరింది ఇదే. దీన్ని ఏ భాషలో చూస్తున్నావని గోల్‌బజార్‌లో పిల్లాణ్ని అడిగితే, వాడు మన మొహం వంక వింతగా చూసి మళ్లీ తెర వైపు తిరిగిపోతాడు.