‘రిపబ్లిక్’ చూశారా? అయితే ఓ కాగితం అడగండి!

ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ‘సార్ రాలేదు’, ‘సర్వర్ డౌన్’, ‘రేపు రా’. నాలుగోసారి బయట టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు, ‘ఐదొందలిస్తే సాయంత్రానికి పనైపోద్ది తమ్ముడూ’ అని. ఇచ్చాను. అయిపోయింది. సాయంత్రం సర్వర్ భేషుగ్గా పనిచేసింది మరి!

ఆ రోజు నాకు సిగ్గేమీ అనిపించలేదు. ‘హమ్మయ్య’ అనుకున్నానంతే. సిగ్గు చాలా ఏళ్ల తర్వాత, ఓ సినిమా చూస్తున్నప్పుడు వచ్చింది.

ఆ సినిమా ‘రిపబ్లిక్’. దేవ కట్టా దర్శకత్వంలో సాయి ధరమ్ తేజ్ హీరోగా 2021 అక్టోబరు 1న వచ్చిన పొలిటికల్ యాక్షన్ థ్రిల్లర్. మరీ పెద్ద బడ్జెట్ సినిమా కాదు, వసూళ్లలో రికార్డులూ కొట్టలేదు. కానీ సివిల్స్‌కో, గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లు ఒకసారైనా చూడాల్సిన సినిమా. ఫైట్ల కోసం కాదు, అది అడిగే ఒక ప్రశ్న కోసం.

తెల్లేరు వెనక కొల్లేరు

హీరో అభిరామ్ బాగా చదువుకున్న కుర్రాడు. తండ్రి (జగపతిబాబు) అవినీతి మరక అంటిన ప్రభుత్వాధికారి. ఎదురుగా విశాఖ వాణి (రమ్యకృష్ణ) అనే రాజకీయ శక్తి. మధ్యలో తెల్లేరు అనే సరస్సు. దాన్ని ఆక్రమించి చేపల చెరువులు తవ్వేస్తారు, నీళ్లు విషమవుతాయి.

తెల్లేరు కల్పితమే. కానీ మనకు గుర్తొచ్చేది మాత్రం కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సుని 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అక్రమ చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత? మళ్లీ చెరువులు మొలిచాయి. చట్టం ఉంది, జీవో ఉంది, మ్యాపు ఉంది. అయినా గట్లు లేస్తూనే ఉన్నాయంటే లోపం రూల్‌బుక్‌లో లేదన్నమాట.

రూట్ యాక్సెస్ ఎవరికి?

సినిమా అడిగే ప్రశ్న ఇదే: ఎన్నికైన నాయకుడికి భయపడుతూ అధికారి పనిచేస్తుంటే అది ప్రజాస్వామ్యమేనా? దానికి సినిమా చూపే దారి, నిజాయతీ ఉన్న కుర్రాడికి ప్రత్యేక అధికారాలిచ్చి కలెక్టర్‌ని చేయడం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రూట్ యాక్సెస్ ఇచ్చేయడం.

బయట ఏ కలెక్టర్‌కీ అలాంటి యాక్సెస్ ఉండదు. రాజ్యాంగంలోని 311వ అధికరణ ప్రకారం విచారణ లేకుండా అధికారిని ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు. కానీ బదిలీ చేయడానికి ఒక్క సంతకం చాలు. అందుకే చాలా పనులు ఫైల్లో కాదు, ఫోన్లో నడుస్తాయి. ‘మనవాడే, కాస్త చూడు’ అన్న మాటకి సాక్ష్యం ఉండదు. రేపు కేసయితే ఇరుక్కునేది సంతకం పెట్టినవాడే.

సర్వర్ క్రాషయితే మేం ముందు లాగ్స్ చూస్తాం. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో ఉంటుంది. లాగ్ లేని సిస్టంలో తప్పు ఎవరిదో దేవుడికే తెలియాలి. అవినీతి బతికేది అక్కడే.

ఈ సంగతి సుప్రీంకోర్టు ముందుకూ వెళ్లింది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు మాజీ అధికారులు వేసిన కేసులో 2013 అక్టోబరులో తీర్పు వచ్చింది. అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయకూడదు, అలాంటివి వస్తే రాతపూర్వకంగా నమోదు చేయాలి, పోస్టింగుకి కనీస కాలపరిమితి ఉండాలి అని చెప్పింది. రేపు మీరు ఆ కుర్చీలో కూర్చుంటే మీ అసలు ఆయుధం ఫైటింగ్ కాదు, ఫైల్లో రాసే ఆ రెండు వాక్యాలే.

మరి కుర్చీకి ఇవతల ఉన్న మనం?

మన చేతిలోనూ కొన్ని ఉన్నాయి.

- సమాచార హక్కు చట్టం, 2005: ‘నా దరఖాస్తు ఏ తేదీన, ఎవరి దగ్గర ఆగింది?’ అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.
- జవాబు రాకపోతే: అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. దానికి 30 రోజుల గడువు ఉంటుంది.
- లంచం ఇవ్వడమూ నేరమే: 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది.
- ఏసీబీ: తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064.

ఇవన్నీ సినిమాలోలా ఒక్క రాత్రిలో తేలవు, నిజమే. అసలు ‘రిపబ్లిక్’ కూడా ‘శుభం’ కార్డు వేసి పంపించదు, విషాదంతోనే ముగుస్తుంది. ఆ రోజు నేను డబ్బివ్వనని భీష్మించుకుని ఉంటే నా ఫీజు గడువు దాటిపోయేదేమో. ఆ భయం తెలిసే వాళ్లు అడుగుతారు.

మొన్న మా చెల్లి సర్టిఫికెట్ కూడా అలాగే ఆగింది. ఈసారి టీకొట్టు వైపు వెళ్లలేదు. మీసేవ రసీదు నంబరు వేసి, ‘ఇది ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా ఉంది?’ అని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. ఖర్చు 5 రూపాయలు. పన్నెండో రోజున జవాబు ఇంకా రాలేదు గానీ, సర్టిఫికెట్ వచ్చేసింది.

మీ అర్జీ ఏదైనా ఎక్కడో ఆగి ఉందా? ఉంటే ముందు దాని రసీదు నంబరు వెతకండి.