కార్డు ఉంటే వైద్యం అందినట్టేనా?

‘మిలిటరీలో చేసొచ్చినవాళ్లకేం, వాళ్ల ఆసుపత్రులు వాళ్లకున్నాయి’ అనే మాట తరచూ వింటాం. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందిస్తున్న మాట నిజమే. అలాగని అది ఎవరో చేస్తున్న దానం కాదు. చాలామంది తమ వాటా చందా కట్టి అందులో చేరారు. యుద్ధంలో వికలాంగులైనవారికి ఆ చందా మినహాయింపు ఉంది. అయితే ఆ పథకం కార్డు చేతిలో ఉండటం వేరు, ఆసుపత్రి గుమ్మం దాకా చేరగలగడం వేరు. కోవిడ్ కాలంలో ఈ తేడా యానాం లాంటి చోట్ల ప్రాణాల మీదికి తెచ్చేంత పెద్దదైంది.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం కాబట్టి ఇక్కడి మాజీ సైనికుడు వైద్యానికి పుదుచ్చేరి నగరానికే వెళ్లాలనుకోవడం మరో అపోహ. పథకం కేంద్ర రక్షణ శాఖది, దానికి రాష్ట్రాల హద్దులు లేవు. ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి పోనక్కర్లేదు, కాకినాడలోని ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ముప్పై కిలోమీటర్ల దూరమే. చిక్కల్లా 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక వచ్చింది. చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్న ఈ ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరి నుంచి ఎటు కదిలినా అంతర్రాష్ట్ర సరిహద్దు దాటాల్సిందే. బస్సులు ఆగిపోయిన రోజుల్లో కృత్రిమ కాలుతోనో చక్రాల కుర్చీతోనో ఉన్న మనిషికి ఆ దూరం ఎంతవుతుందో వేరే చెప్పాలా?

‘ఫోన్లో డాక్టరు దొరికాడుగా’ అంటారు. నిజమే, పథకం కింద నెలవారీ మందులు బయట కొని డబ్బు తిరిగి పొందే వీలు కల్పించారు. కోవిడ్ సోకినవారి కుటుంబానికి ఒక ఆక్సీమీటరుకు 1200 రూపాయల దాకా ఇచ్చారు. 2021 మేలో సెహత్ పేరిట ఆన్‌లైన్ సంప్రదింపులూ తెచ్చారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. బీపీ మాత్ర మార్చడానికి ఫోన్ చాలు. కానీ తెగిన కాలి మోడు వాచినా, చిక్కినా కృత్రిమ కాలి సాకెట్ సరిపోక చర్మం ఒరుసుకుంటుంది. నడుము కింద స్పర్శ లేనివారికి పడక పుండు పడినా నొప్పి తెలియదు. పక్కకు తిప్పి చూసే మనిషి ఉంటేనే అది బయటపడుతుంది.

అత్యవసరమైనా పథకం గుర్తింపు పొందిన ఆసుపత్రికే వెళ్లాలనుకునేవారూ ఉన్నారు. అది తప్పు. దగ్గరున్న ఏ ఆసుపత్రిలోనైనా చేరి 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలపవచ్చు. గుర్తింపు లేనిచోట మాత్రం బిల్లు ముందు సొంతంగా కట్టుకుని, తర్వాత పథకం రేట్ల ప్రకారం రాబట్టుకోవాలి. పింఛను మీదే బతికే ఇంటికి అది చిన్న భారం కాదు.

ఆ రోజుల్లో అందరూ కష్టపడ్డారు, వికలాంగులైన మాజీ సైనికులకే ప్రత్యేకమెందుకని అడగవచ్చు. ఇక్కడ లెక్కలోకి రావాల్సింది హోదా కాదు, వైకల్యం. వికలాంగులకు చికిత్సలో ప్రాధాన్యం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. అయినా అరవై దాటినవారికి 2021 మార్చిలో టీకాలు మొదలైతే, కదల్లేనివారికి ఇంటి దగ్గరే టీకాకు కేంద్రం అనుమతించింది సెప్టెంబరులో. ఈ జాప్యం మళ్లీ రాకూడదంటే యానాం ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఇంటికెళ్లి చూసి రాసిన చీటీనే కాకినాడ పాలీక్లినిక్ రెఫరల్‌గా ఒప్పుకోవాలి. పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలూ, రక్షణ శాఖా కూర్చుని ఆ ఏర్పాటు ఇప్పుడే రాసుకోవాలి.