పెద్దల ఛాయాచిత్రమునకు తగిన కటకము

మా తల్లిగారు గతించిననాడు ఆమె రూపమును నిలుపుకొనదగిన పటమొక్కటియు మా యింట లేకపోయెను. రేషను కార్డుమీది చిన్నబొమ్మను పెద్దది చేయించి గోడకు తగిలించితిమి. ఆ పటమున కన్నులుండవలసిన తావున రెండు నల్లని మరకలు మాత్రమే కలవు. మార్కాపురము మొదలు గిద్దలూరు వఱకు ఇట్టి పటములను పెక్కిండ్ల గోడలపై నేను చూచియున్నాను. కావున పెద్దలు కన్నులయెదుట నుండగనే వారి మొగమును ఉన్నదున్నట్లు తీయించుకొనుట యెట్లు, అందులకు ఎట్టి కటకము కావలయును అను విషయమును నేడు మీకు మనవి చేసెదను. కటకమనగా కెమెరా ముందుభాగమున నుండు లెన్సు.

ఈ విచారము నాకు గలుగుటకు మా అక్కగారు కారణము. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. పండుగకు వచ్చిన బాలుడొకడు సెల్‌ఫోనును ఆమె మొగమునకు మూరెడు దూరమున నిలిపి బొమ్మ తీసెను. ఆమె దానిని చూచి, "ఇంత ముక్కు నాకెప్పుడు మొలిచెరా, తమ్ముడా?" అని నన్నడిగినది. అందఱును నవ్విరి, ఆమె మాత్రము నవ్వలేదు. పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీయు ఆమె మనుమడు ఆ మాటను మనసున నుంచుకొని, "తాతగారూ, అవ్వ కోసమైన మంచి లెన్సొకటి కొందును, ఏది కొనవలెనో మీరును ఆలోచింపుడు" అని నాయొద్దకు వచ్చెను. వ్యాకరణము చెప్పిన నేను ఆ పిల్లవానితోగూడ గణితము వేయవలసివచ్చినది.

మొదట తేలిన సంగతి యిది: ముక్కు పెరుగుటలో తప్పు ఫోనుది కాదు, దూరముది. ముక్కుకొనకును చెవికిని నడుమ 12 సెంటీమీటర్లు ఉన్నవనుకొందము. కెమెరా ముక్కునకు 50 సెంటీమీటర్ల దూరమున నున్నచో చెవి 62 సెంటీమీటర్ల దూరమున నుండును. అందుచే చెవి లెక్కకు ముక్కు నాలవవంతు పెద్దదిగా అగపడును. అదే కెమెరాను 2 మీటర్ల వెనుకకు జరిపినచో ఆ భేదము నూటికి 6 మాత్రమే. మనము ఒకరినొకరము అరుగుమీద కూర్చుండి చూచుకొను దూరమును ఇంచుమించు అంతియే గదా! కావున ముందు దూరమును నిర్ణయించుకొని, పిదప ఆ దూరమునకు తగిన కటకమును ఎన్నుకొనవలెను.

కటకపు శక్తిని నాభ్యంతరముచే కొలుతురు. అది మిల్లీమీటర్లలో కటకముపైననే వ్రాసియుండును. అంకె పెరిగినకొలది దూరపువస్తువు దగ్గఱకు వచ్చినట్లుండును. అయితే కెమెరా యెట్టిదో తెలియక ఆ అంకెకు అర్థము లేదు. మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు గనుక పలకతోనే పోల్చెదను. కెమెరాలోపల వెలుతురును గ్రహించు పలక యొకటి కలదు. ఫుల్‌ఫ్రేమ్ అనబడు డిజిటల్ కెమెరాలో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఈ కొలత 1925లో విక్రయమునకు వచ్చిన లైకా కెమెరా ఫిల్ముతో వ్యాప్తి చెందినది; డిజిటల్ కెమెరాలలో 2002 నుండి కానవచ్చుచున్నది. పలక చిన్నదగు ఇతర కెమెరాలలో బొమ్మ అంచులు తెగిపోవుటచే, 85 మిల్లీమీటర్ల కటకము సుమారు 128 మిల్లీమీటర్ల దానివలె పనిచేయును. కావున కొనువారు ముందు పలక కొలతను విచారింపవలెను.

నిండుపలకగల కెమెరాను నిలువుగా పట్టి, తల మొదలు రొమ్ము క్రిందివఱకు చిత్రింపదలచితి మనుకొందము. 50 మిల్లీమీటర్ల కటకముతో సుమారు 1.2 మీటర్ల దూరమున, 85తో 2 మీటర్ల దూరమున, 135తో 3.2 మీటర్ల దూరమున నిలువవలెను. మొదటిది మొగమునకు మిక్కిలి చేరువ. చివరిదానికి మన యిండ్ల గదులలో వెనుకగోడ అడ్డము వచ్చును. నడిమిదగు 85 మనకు అన్నివిధముల అనుకూలము. ఇంట 50 మాత్రమే యున్నవారు చింతిల్లనక్కఱలేదు. దానితోనే 2 మీటర్ల దూరమున నిలిచి, కూర్చున్న మనిషిని మోకాళ్లవఱకు తీసినచో మొగము చెడదు.

ఇక రెండవ అంకె. అది కటకపు ద్వారమును తెలుపును. ఎఫ్ 1.8 అన్నచో 85 మిల్లీమీటర్ల కటకమున ద్వారము 47 మిల్లీమీటర్లు. ఎఫ్ 4 అన్నచో 21 మాత్రమే. అంకె చిన్నదైనకొలది ద్వారము పెద్దది. 1840లో వియన్నా నగరమున పెట్జ్‌వాల్ అను గణితజ్ఞుడు మనుష్యుల మొగములకొఱకే పెద్దద్వారముగల కటకమును లెక్కగట్టి సిద్ధము చేసెను. అంతకుముందు చిత్రమునకు నిమిషములకొలది కదలక కూర్చుండవలసియుండెను. ఆఱవ నిజాముకడ ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదున చిత్రశాల నడపిన రాజా దీన్‌దయాళుగారి కాలమునను గాజుపలకలే వాడుక. నేడు వెలుతురు కఱవు అంతగా లేదు. అయినను పెద్దద్వారము వెనుకనున్న వస్తువులను మసకచేసి మొగమును వేఱుపఱచును గనుక దానికి గిరాకి తగ్గలేదు.

అయితే ఇందొక చిక్కు కలదు. 85 మిల్లీమీటర్ల కటకముతో 2 మీటర్ల దూరమున, ఎఫ్ 1.8కి స్ఫుటముగా వచ్చు లోతు సుమారు 6 సెంటీమీటర్లు, ఎఫ్ 1.4కు 5 సెంటీమీటర్లకు లోపు. కన్ను తేటగానున్నను చెవికమ్మ మసకబాఱును. ఎఫ్ 4కు ఆ లోతు 13 సెంటీమీటర్లగును గనుక మొగము ఇంచుమించు పూర్తిగా తేటపడును. వృద్ధుల మొగమున ముడుతలును గుర్తులే, వానిని పోగొట్టుకొనరాదు.

పట్టణమున వర్తకుడొకడు ఎఫ్ 1.4 దానినే కొనుమని బలవంతపెట్టెను. సోనీవారు 2016లో వెలువరించిన అట్టి కటకము బరువు 820 గ్రాములు. 2017లో వెలువరించిన ఎఫ్ 1.8 బరువు 371 గ్రాములు. మొదటిదానికి వెలయు మిక్కిలి హెచ్చు. అదనముగా లభించు వెలుతురో, ఒకటిన్నర రెట్లకు కొంచెము మించినది. ఎఫ్ 4కు మూసి వాడదలచినవానికి ఆ హెచ్చు వెల యెందులకు? పిల్లవాడు ఎఫ్ 1.8 దానిని కొని, మిగిలిన సొమ్మును మంచికాగితముమీద పటములు అచ్చువేయించుటకు దాచెను. పాతకటకమును కొనువారు దానిని దీపమున కెదురుగా పట్టి, లోపలిగాజున బూజు తీగెలున్నవేమో చూడవలెను. తమ కెమెరాకు బిగియునో లేదో పరీక్షింపవలెను.

ఒకనాటి ఉదయమున అక్కగారిని వసారాలో ఎండ తగులని తావున కూర్చుండబెట్టితిమి. మనుమడు 2 మీటర్ల దూరమున నిలిచి, ఎఫ్ 4కు మూసి, కంటికి గుఱిపెట్టి చిత్రము తీసెను. అచ్చువేసి తెచ్చిన పటమును ఆమె చాలసేపు చూచి, "ఇప్పుడే గోడకు తగిలింపుము. దండ వేయుటకు గాదు, నేను చూచుకొనుటకు" అనెను.

శ్రోతలారా! మీ యింటి పెద్దల పటమును వారే చూచుకొని సంతోషించుదినము తప్పిపోనీయకుడు. సెలవు.