పారని నోటుకే పెద్ద పాట

కోనసీమలోని పి.గన్నవరం సెంటర్లో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన కొట్లో, గల్లాపెట్టె వెనక గోడకి, వినాయకుడి పటం పక్కన ఒక రెండు రూపాయల నోటు వేలాడుతుంటుంది. లామినేషన్ చేయించి, మూలన చిల్లు పొడిచి, కొబ్బరితాడు పీచుతో మేకుకి కట్టారు. నంబరు చివర 786. నేను దానివంక చూడటం కనిపెట్టి, "దానికి మూడు లచ్చలిత్తారంటండి, ఫోన్లో చూశాను. ఆయ్!" అన్నారాయన.

చిల్లు పొడవకముందు కూడా దానికి అంత రాదు. పొడిచాక అసలే రాదు. కానీ పొద్దున్నే బోణీ వేళ అలాంటి మాట ఎలా చెప్తాం? ఒక కొబ్బరిబోండాం కొట్టించుకుని తాగి వచ్చేశాను. అప్పటినుంచీ మాత్రం ఒకటే ఆలోచన: లక్షలు పలికే నోట్లు నిజంగా ఉన్నాయి కదా, అవి ఎలాంటివి? ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తుంటే తమాషాగా ఒకే సంగతి తేలింది. డబ్బుగా బాగా బతికిన నోటుకి ధర లేదు. మునిగిపోయింది, దారి తప్పింది, జనం వద్దన్నది, సర్కారు వెనక్కి పిలిచింది... అలాంటిదానికే పాటలో పోటీ.

సముద్రం తిరిగిచ్చిన నోట్లు

1922 మే 20. లండన్ రేవు నుంచి బొంబాయికి బయల్దేరిన 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడ గుద్దుకుని మునిగిపోయింది. టన్నులకొద్దీ బంగారం, వెండితోపాటు అందులో మన తెలుగువాళ్ల సరుకు కూడా ఉంది: నిజాం సర్కారు కోసం లండన్‌లో అచ్చువేయించిన హైదరాబాదు ఉస్మానియా సిక్కా నోట్ల కట్టలు. వాటిమీద ఇంకా సంతకాలు కూడా పడలేదు. పదేళ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు బంగారం కోసం ఓడని తవ్వుతుంటే ఆ కాగితాలూ పైకొచ్చాయి. పదేళ్లు ఉప్పునీళ్లలో నానిన నోటు! హైదరాబాదు బజారులో ఒక్క పూట కూడా చెలామణీ కాలేదు, ఇవాళ సేకర్తలు కళ్లకద్దుకుంటున్నారు.

హైదరాబాదు నోట్ల కథే ఒక విశేషం. సంస్థానాలు నోట్లు వేసుకోవడం ఆంగ్లేయులకి ఇష్టముండేది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కటకట వచ్చి, నిజాం యుద్ధానికి బాగా సాయం చేశాక మెత్తబడ్డారు. 1918లో 10, 100 రూపాయల నోట్లతో మొదలై, మరుసటేడు 1, 5 రూపాయలవీ, 1926లో 1,000 రూపాయలదీ వచ్చాయి. ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ కూడా ఉన్న నోట్లవి.

ఈజిప్ట్‌కి నాలుగేళ్ల ముందు, 1918 జూలైలో, 'షిరాలా' అనే మరో ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. దాంట్లోని బ్రిటిష్ ఇండియా నోట్లు కొన్ని తేలుతూ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. దొరికినవాటిని చాలావరకు అధికారులు నాశనం చేసినా కొన్ని జనం చేతుల్లో మిగిలిపోయాయి. అలాంటి పది రూపాయల నోట్లు రెండు 2024 మేలో లండన్ నూనన్స్ వేలంలో 6,500, 5,500 పౌండ్లు పలికాయి.

గల్ఫ్‌లో మన రూపాయి

కోనసీమలో గల్ఫ్ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కువైట్, మస్కట్, దుబాయ్ నుంచి వచ్చే డబ్బుతో లేచిన మేడలు లంక గ్రామాల్లో కూడా కనిపిస్తాయి. ఇప్పుడు దీనార్లు, దిర్హాములు రూపాయలై ఇక్కడికి వస్తున్నాయి. ఒకప్పుడు అక్కడి సంతల్లో చెల్లిందే మన రూపాయి! అదే తంటా తెచ్చింది. అక్కడినుంచి బంగారం దొంగచాటుగా మన తీరానికి చేరేది. అందుకిచ్చిన రూపాయలు అక్కడి బ్యాంకుల ద్వారా తిరిగొచ్చి, మన విదేశీ మారకద్రవ్యాన్ని పట్టుకుపోయేవి. దాంతో 1959లో చట్టం సవరించి, గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో, నంబరు ముందు జడ్ అక్షరంతో నోట్లు వేశారు. 1, 5, 10, 100 రూపాయలవి. ఇక్కడ బజార్లో చెల్లవు.

1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత డబ్బు వేసుకున్నాయి. 1966 జూన్‌లో మనవాళ్లు రూపాయి విలువ తగ్గించేసరికి మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఒమన్ మాత్రం 1970 దాకా ఓపిక పట్టింది.

వీటికి తోబుట్టువు హజ్ నోటు. మక్కా యాత్రికుల కోసం రిజర్వు బ్యాంకు వేసిన 10, 100 రూపాయల నోట్లవి, నంబరు ముందు హెచ్‌ఏ అని ఉంటుంది. 2024 డిసెంబరులో లండన్‌లోనే ఒక వంద రూపాయల హజ్ నోటు 44,000 పౌండ్లకి పోయింది. మన డబ్బులో సుమారు 47 లక్షలు. కాగితం మీద లెక్కేస్తే వంద రూపాయలు 65 ఏళ్లపాటు ఏటా 18 శాతం చొప్పున పెరిగినట్టు. అప్పట్లో అదే వందకి అటూఇటూగా పది గ్రాముల బంగారం వచ్చేది, అది 2024 చివరికి డెబ్బై వేలు దాటింది. బంగారాన్ని నోటు చిత్తుగా ఓడించినట్టే. ఆగండి. 1959లోనే మామూలు వంద నోటు దాచినాయనకి ఈ లెక్క వర్తించదు. లాటరీ తగిలినవాడి టిక్కెట్టు చూసి లాటరీని పెట్టుబడి అన్నట్టే అవుతుంది.

కాకినాడ పేరున్న నోటు

1861లో కాగితపు కరెన్సీ చట్టం వచ్చాక దేశాన్ని సర్కిళ్లుగా విడగొట్టారు. ఏ సర్కిల్ నోటుకి ఆ సర్కిల్లోనే హక్కుగా డబ్బిస్తారు, ఎల్ల దాటితే బట్టా కట్టించుకునేవాళ్లు. మద్రాసు, కలకత్తా, బొంబాయిల సరసన తర్వాత చేరిన పేర్లలో మన కాకినాడ కూడా ఉంది, ఆనాటి దొరల రాతలో 'కోకనాడ'.

ఆ నోట్లకి ఒకవైపే అచ్చు, వెనక తెల్లకాగితం. ఇంకో విచిత్రం, నిండు నోటు దొరకడం కష్టం. వర్తకులు సొమ్ము పంపాలంటే నోటుని నడిమికి రెండుగా కోసి, ముందు ఒక సగం టపాలో వేసేవాళ్లు. "అందింది" అని జాబు వచ్చాక రెండో సగం. దారిలో దొంగ కొట్టేసినా వాడికి సగమే కదా. అవతలివాడు రెండు ముక్కలూ అతికించి మార్చుకునేవాడు. అందుకే ఆ కాలపు నోట్లలో నడిమి అతుకు ఉన్నవే ఎక్కువ, జత చెడిన సగాలు కూడా అమ్ముడుపోతాయి. చిరిగిన నోటు తీసుకోనని ఆర్టీసీ బస్సులో కండక్టరుతో పడే గొడవలు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

రెండు రూపాయల ఎనిమిదణాలు

ఇలాంటి నోటు ఎవరికి కావాలని వేశారో! వెండి కరువుకి 1917 నవంబరు 30న మొదటి ఒక రూపాయి నోటు, 1918 జనవరి 2న ఈ రెండున్నర నోటు వచ్చాయి. ఇంగ్లండులో అచ్చయ్యాయి, గబ్బే దొర సంతకం, ఎనిమిది భాషల్లో విలువ, అందులో తెలుగొకటి. 1926 జనవరి 1న ఆపేశారు. దేశంలో మళ్లీ ఎప్పుడూ రెండున్నర రూపాయల నోటు రాలేదు. ఏడు సర్కిళ్లకి ఏడు అక్షరాలు. మద్రాసుది ఎమ్, మనవైపు ఉండాల్సింది అదే. ఎమ్ అక్షరమున్న రెండున్నర ఎవరి భోషాణంలోనైనా కనిపిస్తే ఇస్త్రీ మాత్రం చేయకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

బొమ్మ లేని రాజు

గన్నవరం వాళ్లకి ఒక ఇంగ్లండు రాజు పేరు బాగా తెలుసు. లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకలకి పిలిచారనీ, ఆవిడ రానంటే ఫొటో తీయించి తెప్పించుకున్నారనీ ఇక్కడ చెప్పని ఇల్లుండదు. గోదావరి పాయ మీద పాత 49 ఖానాల వంతెన పక్కన కట్టిన కొత్త అక్విడక్ట్‌కి ఆవిడ పేరే పెట్టారు. ఆ రాజుగారి తల వెండి రూపాయి మీద ఉంది, మన నోటు మీద మాత్రం లేదు. ఆయన తల్లి విక్టోరియాకి ఉంది, కొడుకు అయిదో జార్జికీ, మనవడు ఆరో జార్జికీ ఉంది. మధ్యలో ఆయనొక్కడే తప్పిపోయాడు. ఎవరైనా ఏడో ఎడ్వర్డు నోటని అమ్మజూపితే అక్కడే నమస్కారం పెట్టేయచ్చు.

యానాం వెళ్లినప్పుడు ఇంకో సంగతి గుర్తుచేసుకోండి. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే ఆ ఊళ్లో 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన. పుదుచ్చేరి పేరుతో ఇండోచైనా బ్యాంకు వేసిన 'రూపీ' నోట్లు ఫ్రెంచి ఇండియాకి సొంతం. గోదావరి ఇవతల జార్జి, అవతల ఫ్రెంచి గవర్నరు డూప్లే.

సంతకాల లెక్క

రిజర్వు బ్యాంకు మొదటి గవర్నరు ఆస్‌బోర్న్ స్మిత్ సంతకం ఏ నోటు మీదా లేదు. బ్యాంకు తొలి నోటు 1938 జనవరిలో వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు, టేలర్ సంతకం పడింది. 1970లో బి.ఎన్. అడార్కర్ 42 రోజులే గవర్నరు, అయినా గాంధీ శతజయంతి నోట్ల మీద ఆయన సంతకం ఉంది. ఆ నోట్లని సేకర్తలు విడిగా ఏరుకుంటారు.

మనవాళ్లూ ఉన్నారు. యాగా వేణుగోపాల్‌రెడ్డిగారి హయాంలో, 2006లో, నంబరు మధ్య నక్షత్రం గుర్తుతో 10, 20, 50 నోట్లు మొదలయ్యాయి. అచ్చులో ఒక నోటు పాడైతే దాని స్థానంలో కట్టలో పెట్టే 'స్టార్ నోటు' అది. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుగారి సంతకంతో అయితే రూపాయి గుర్తు లేని నోట్లూ ఉన్నాయి, ఉన్నవీ ఉన్నాయి. ఆ గుర్తు పుట్టింది 2010లో. ఇవి ఇప్పటికీ చిల్లరలో తగులుతున్నాయి. పిల్లలకి సరదా నేర్పాలంటే ఇక్కడ మొదలెట్టచ్చు, ఖర్చు నోటు విలువే.

ఊరు దాటితే: 2017 దాకా అన్నిటికన్నా పెద్ద నోటు ఫిలిప్పీన్స్‌ది, 1998లో వేసిన లక్ష పీసోలు, 14 అంగుళాల పొడవు. అన్నిటికన్నా చిన్నది 1917 నాటి రొమేనియా 10 బానీ, బొటనవేలి కింద దాగిపోతుంది. 1946లో హంగరీ నోటు మీది అంకెకి ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టాలి. 1890 నాటి అమెరికా వెయ్యి డాలర్ల నోటుని, వెనక సున్నాలు పుచ్చకాయల్లా ఉన్నాయని 'పుచ్చకాయ నోటు' అంటారు, 2014లో 32 లక్షల 90 వేల డాలర్లు పలికింది.

తడి, చెద, ఇస్త్రీ

కోనసీమలో కాగితం దాచడమే ఒక రికార్డు. 1996 నవంబరు తుపాను, ఆ ముందు 1986 వరద, మొన్న 2022 వరద. లంకల్లో ట్రంకుపెట్టెలు ఎన్నిసార్లు ఎండలో పెట్టి ఉంటారో. వరద లేని ఏడాది చెదలు ఉండనే ఉన్నాయి.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. పోస్టులో తెప్పించిన ఒక పాత అయిదు రూపాయల నోటు అద్దంలా మెరుస్తూ వచ్చింది. ఎంత బాగుందో అనుకుంటూ ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి వాసన. వెలుతురుకి అడ్డంగా పెడితే అచ్చు ఎత్తుపల్లాలు చదునైపోయి కనిపించాయి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ కొట్టారు! ఇస్త్రీ వద్దన్నది అందుకే. మడత పడని అసలు నోటుకి ఒక ధర, మడత దాచిన నోటుకి ఇంకో ధర. పాత కట్టల్లోని నోటుకి పిన్ను చిల్లుంటే మాత్రం కంగారు పడక్కర్లేదు, 2001 దాకా బ్యాంకుల్లో కట్టలకి పిన్నులే కొట్టేవాళ్లు. టేపు, లామినేషను రెండూ శత్రువులే.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016లో రద్దయిన 500, 1,000 నోట్లు పదికి మించి దగ్గరుంటే 2017 చట్టం ప్రకారం నేరం. పరిశోధనకో సేకరణకో అయితే 25 దాకా పర్వాలేదు. ఇక ట్రాక్టరు బొమ్మున్న అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తామని ఫోన్లో ఊరించి, ముందు పన్ను కట్టండి, కమీషను కట్టండి అంటే అది దొంగల పనే. మా పేరు చెప్పి డబ్బడిగేవాళ్లని నమ్మకండని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే చెప్పింది.

పోయిన నెల మళ్లీ ఆ కొబ్బరికాయల కొట్టుకి వెళ్లాను. ఈసారి ధైర్యం చేసి గోడమీది నోటు సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి పాత పంచాంగం ఒకటి తెచ్చి, పేజీల మధ్య నుంచి ఒక కాగితం తీశారు. "మా ముత్తాతగారు రంగం నించి తెచ్చారండి. యుద్ధంలో నడిచొచ్చేశారు కదా, ఇదొక్కటే మిగిలింది."

రంగం అంటే బర్మాలోని రంగూన్. పది రూపాయల నోటు. పైన ఇంగ్లీషులో జపాన్ ప్రభుత్వం అని ఉంది. వరస నంబరు లేదు, బి అక్షరంతో మొదలయ్యే గుర్తు మాత్రం ఉంది. బర్మాని ఆక్రమించినప్పుడు జపాన్ గుట్టలుగుట్టలుగా అచ్చొత్తి పడేసిన డబ్బు. యుద్ధం ముగిశాక చిత్తుకాగితం. అన్ని గుట్టలు మిగిలాయి కాబట్టి ఎనభై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ చవకే. కానీ మడత లేదు, మరక లేదు, అంచులు కొత్త పంచె అంచుల్లా ఉన్నాయి. ధర ఎక్కువ రాదనీ, ఇంత బాగా దాచినవి మాత్రం అరుదనీ చెప్పాను.

ఆయన మొహం విప్పారింది. నోటుని వెలుతురుకి ఎత్తి అటూఇటూ తిప్పి చూసుకున్నారు.

"అయితే దీనికి కూడా లామినేషన్ చేయించేమంటారేంటండి?"